భారతమ్మ బరువు

భారతమ్మ పడిపోయిన రోజున వీధిలో ఆడవాళ్ళెవరూ లేరు. ఆమె తమ్ముడు వెంకటరామారావు బావమరిది కూతురి పెళ్ళి వైరాలో. బూర్గంపాడులో ఉన్న బంధువులంతా తెల్లవారకముందే లారీ మాట్లాడుకుని వెళ్ళిపోయారు. మోకాళ్ళ నొప్పులని భారతమ్మ వెళ్ళలేదు. ఆమె వెళ్ళలేదు గనుక భర్త చెంచురామయ్య వెళ్ళలేదు. పెరటి గోడకు అవతల వెంకటరామారావు ఇంట్లో భారతమ్మ అక్క పున్నమ్మ ఒక్కతే ఉంది. ఆమె మంచం దిగలేదు. పక్కనే అన్నం, మంచినీళ్ళు పెట్టి వెళ్ళారు.

తాలూకాలు పోయి మండలాలు వస్తున్న వేసవి అది. చెంచురామయ్య వరండాలో కూర్చుని పేపరులో కొత్త మండలాల పేర్లు చదువుతున్నాడు. పెరట్లో తడిక వెనక, స్నానానికీ అంట్లకూ బండలు పరిచిన జాలారులో చెంబు దొర్లిన చప్పుడైంది. తరవాత భారతమ్మ "ఏమండీ" అంది. గట్టిగా అనలేదు. కాఫీకి పిలిచినట్టే అంది.

ఆయన వెళ్ళి చూశాడు. ఆమె ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. ఒక కాలు కింద మడతపడింది. తడిచీర ఒంటిమీద సగమే ఉంది. సబ్బునీళ్ళూ అంట్లు కడిగిన నీళ్ళూ కలిసి, కాలవలోకి పోయే దారి లేక ఆమె నడుము దగ్గర ఆగిపోయాయి. వాటిలో మెతుకులు తేలుతున్నాయి.

"లేపండి," అంది.

ఆయన వెనక నుంచి చంకల కింద చేతులు వేసి ఎత్తాడు. ఆమె జానెడు లేచి మళ్ళీ జారింది. మూలిగింది. ఆయన ముందుకు వచ్చి రెండు చేతులూ పట్టుకుని లాగాడు. పాచి పట్టిన బండ మీద ఆయన కాళ్ళే జారాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. ఈసారి జానెడు కూడా లేవలేదు. ఆమె వీపు ఆయన రొమ్ముకు ఆనుకుని ఉంది. ఆయన గుండె కొట్టుకోవడం ఆమెకు తెలుస్తూనే ఉండాలి.

"వీధిలోంచి ఎవరినైనా పిలుస్తాను."

"మగాళ్ళను పిలవకండి. ఒంటిమీద గుడ్డ సరిగా లేదు."

"పొడిచీర కప్పుతాను."

"కప్పితే కట్టినట్టా? ఈ ఊళ్ళో ఎవరొచ్చినా మీ దగ్గర చదువుకున్నవాళ్ళే. రేపు వాళ్ళ మొహం నేను చూడాలి. కమ్లి వస్తుందిగా, రానీండి."

కమ్లి ఈ ఇంట్లోనూ వెంకటరామారావు ఇంట్లోనూ పనిచేసే లంబాడీ మనిషి. తునికాకు కోతల రోజులు. అడవికి పోయింది. పొద్దు వాలితే గాని రాదు.

ఆయన పొడిచీర తెచ్చి కప్పాడు. తల కింద దిండు పెట్టాడు. చెంబుతో నీళ్ళు పోసి మెతుకులు పోగొట్టాడు. ఎండ మీద పడుతుంటే గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మధ్యమధ్య వీధి గుమ్మం దాకా వెళ్ళి చూశాడు. కలప బండి ఒకటి పోయింది. బండి వెనక ఇద్దరు బలమైన మనుషులు నడుస్తున్నారు. తరవాత కాంపౌండరు సైకిలు మీద వస్తూ ఆయన్ను చూసి దిగాడు.

"నమస్తే సార్. ఎండలో నిలబడ్డారేంటి?"

"నమస్తే," అన్నాడు చెంచురామయ్య. ఇంకేమీ అనలేదు. కాంపౌండరు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

కమ్లి వచ్చేసరికి భారతమ్మ పెదవులు నల్లబడ్డాయి. కమ్లి ఆకుల మోపు గుమ్మంలోనే పడేసి పరుగెత్తింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, కూర్చుని, ఒక చెయ్యి నడుము కిందా ఒక చెయ్యి మోకాళ్ళ కిందా పెట్టింది. "సారూ, తలకాయ పట్టు," అంది. అంతే అడిగింది. లేచి నిలబడింది. భారతమ్మ ఆమె చేతుల్లో ఉంది.

గోదావరి దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. తుంటి ఎముక విరిగిందన్నారు. దానికి చికిత్స మొదలుపెట్టేలోగా జ్వరం వచ్చింది. రొమ్ము పట్టేసింది. వారం తిరగకుండా పోయింది.

*

"మీరేం చేస్తారండీ, ఈ వయసులో."

పదకొండో రోజు భోజనాల్లో ఆ మాట అన్నవాళ్ళను చెంచురామయ్య గుర్తుపెట్టుకోలేదు. అందరూ అన్నారు. విస్తరి ముందు కూర్చుని, వేళ్ళకు అంటిన నెయ్యి నాకుతూ అన్నారు. చెయ్యి కడుక్కుని, పళ్ళు కుట్టుకుంటూ అన్నారు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన తన చక్కెర జబ్బు సంగతంతా చెప్పి, చివరికి ఆ మాటే అన్నాడు. దయగానే అన్నారు. చెంచురామయ్యకు ఆ దయ నెయ్యివాసన వేసింది. లేవబోయాడు. వెంటనే ఎవరో ఒక మోచెయ్యి, ఇంకెవరో రెండో మోచెయ్యి పట్టుకున్నారు.

"నెమ్మదిగా, మాస్టారూ, నెమ్మదిగా."

అలా పట్టుకుంటే నడవడం కష్టం. వదలమని చెప్పలేక, వాళ్ళ మధ్య వేలాడుతూ నూతి దాకా వెళ్ళాడు. అక్కడ ఎవరో ఆయన చేతులు కడిగారు. తన చేతులు ఇంకొకడి చేతుల్లో తడిగా, మెత్తగా, ఎముక లేనట్టు కదులుతుంటే ఆయన చూశాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నూతిలోంచి ఒక బొక్కెన తోడిన చేతులు కావవి. బళ్ళో పిల్లలు వంతులేసుకుని వచ్చి తోడిపోసేవారు. రిటైరైన తరవాత భారతమ్మ తోడింది. మోకాళ్ళు పట్టేశాక కమ్లి తోడింది.

తూర్పు గదిలో పున్నమ్మ నేలమీద చాప వేసుకుని కూర్చుంది. చెల్లెలి ఫొటో దగ్గర నేలమీదే కూర్చుంటానని పట్టుబట్టింది. ఇప్పుడు లేపాలి. వెంకటరామారావూ, అతని భార్య సీతారావమ్మా, ఇంకో బంధువూ కలిసి చంకలూ నడుమూ పట్టుకుని ఎత్తి కుర్చీలో పెట్టారు. పున్నమ్మ కళ్ళు మూసుకుంది. చీర కుచ్చిళ్ళు పైకి పోయి పాదాలు కనబడ్డాయి. తెల్లగా ఉబ్బి, మడమలు పసిపిల్ల మడమల్లా నునుపుగా ఉన్నాయి. ఎన్నాళ్ళుగానో నేల ఎరగని పాదాలు.

"మా వదినగారిని కాలు కింద పెట్టనివ్వం," అంది సీతారావమ్మ నలుగురూ వినేట్టు. నలుగురూ మెచ్చుకున్నారు.

సాయంత్రం వెంకటరామారావు ఒక చేతికర్ర తెచ్చి ఇచ్చాడు. నున్నగా చెక్కిన టేకు కర్ర.

"భద్రాచలంలో కొన్నాను బావగారూ. ఇకనుంచి ఇది లేకుండా పెరట్లోకి కూడా వెళ్ళకండి. అక్క సంగతి చూశాంగా. మీ తప్పేం లేదు. వయసు."

"నాకు కాళ్ళున్నాయి కదా, రామారావ్."

"ఉన్నాయనే అనుకుంటాం బావగారూ, ఒకరోజు ఉండవు."

చెంచురామయ్య కర్ర తీసుకుని గోడకు ఆనించాడు. ఆ రాత్రి నుంచి ఆయనకు ఒకటే తెలియాలనిపించింది. అది వయసా, కాదా. వయసే అయితే ఊరుకుంటాడు. నలుగురితో పాటు ఆయన కూడా ఆ మాటే అనుకుంటాడు. ఎవరూ చూసి చెప్పలేదు. చూడకుండానే అన్నారు.

*

పీర్ల కొట్టం వెనక, పడుచువాళ్ళు కసరత్తు చేసే ఇసుక పోసిన చిన్న తాలీం ఉంది. మహబూబ్ అలీ దాన్ని నడుపుతాడు. బండి చక్రాలు చేసే వడ్రంగి. బండ్లు తగ్గాక మంచాలూ తలుపులూ చేస్తున్నాడు. పొద్దున్నే పడుచువాళ్ళతో దండీలు బస్కీలు తీయించి, తను బరువైన కర్ర ముగ్దర్లు తిప్పి, పాన్ బిగించి పనికి కూర్చుంటాడు. తన వయసు గురించి గొప్పలు చెప్పుకోవడం అతనికి సరదా. పోయినేడు అరవై ఎనిమిదన్నవాడు ఈ ఏడు డెబ్బై అయిదంటాడు.

"ఏంది సారూ, గింత పొద్దుగాల్నే? తలుపేమన్న చెడిందా?"

"తలుపు కాదు, మహబూబ్ భాయ్. నాకు బస్కీలు నేర్పాలి."

మహబూబ్ అలీ పాన్ ఉమ్మి వచ్చి ఆయన మొహం చూశాడు. "ఎందుకు?"

"ఒక మనిషిని ఎత్తాలి."

"ఎవర్ని?"

"ఇప్పుడు ఎవర్నీ కాదు."

మహబూబ్ అలీకి సంగతి తెలుసు. ఊరందరికీ తెలుసు. అతను ఓదార్చలేదు. తల గోక్కుని, "లాల్చీ ఇప్పుండ్రి," అన్నాడు.

ఆ మొదటి రోజు చెంచురామయ్య ఇసుకలో మోకాళ్ళు వంచి కిందికి పోయాడు, పైకి రాలేదు. అక్కడే కూలబడ్డాడు. తాలీంలో ఉన్న పడుచువాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. అందరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు. వాళ్ళ మర్యాద ఆయన ఒంటికి జిగురులా అంటుకుంది. మహబూబ్ అలీ ఒక్కడే పడీ పడీ నవ్వాడు.

"అరే హమీద్, చూడురా! ఎక్కం రాలేదని నీతోని ఎన్ని గుంజీళ్ళు తీయించిండురా గీ సారు! గిప్పుడు ఒక్కటి తీయమంటె కూసున్నడు."

మహబూబ్ కొడుకు హమీద్ సిగ్గుపడి, "అబ్బా, ఊకో," అన్నాడు. తరవాత తల గోక్కుంటూ, "అయినా సారూ, మీరు తీయించబట్టే నా తొడలు గిట్లున్నయ్," అని తొడ చరిచాడు. అందరూ నవ్వారు. భారతమ్మ పోయిన తరవాత చెంచురామయ్య ముందు ఎవరైనా నవ్వడం అదే మొదలు. ఆయన అరచేతులు ఇసుకలో ఆనించి, మోకాలి మీదికి వచ్చి, గోడ పట్టుకుని లేచాడు. ఎవరూ సాయం రాలేదు. రావద్దని మహబూబ్ అలీ చెయ్యి అడ్డం పెట్టాడు.

టేకు దుంగల మొదళ్ళు కొన్ని మహబూబ్ అలీ దగ్గర ఉన్నాయి. ఎత్తుగా ఉన్న మొద్దు మీద కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమన్నాడు. అది కుదిరిన తరవాత కాస్త పొట్టి మొద్దు. తడి ఇసుక బొక్కెన కొట్టం ఈ మూల నుంచి ఆ మూలకు మొయ్యడం. రెండు బొక్కెనలు. రోజు విడిచి రోజు. "దినాం జెయ్యొద్దు. కండకు గూడ ఆదివారం ఉండాలె," అనేవాడు. కొన్నాళ్ళు తొడలు పుండ్లలా సలిపాయి. దొడ్డికి కూర్చోవాలన్నా గుంజ పట్టుకోవలసి వచ్చింది. తన చెమట తనకే పాత గుడ్డల వాసన వేసింది. అద్దంలో చూసుకుంటే, రొమ్ము మీద వేలాడే చర్మం, వెంట్రుకల్లేని పిక్కలు. ఇన్నేళ్ళు ఈ ఒంటి మీద ఇస్త్రీ బట్టలు తొడిగి, తలపాగా చుట్టి, పిల్లలకు ఎదురుగా నిలబెట్టాడు. వాళ్ళు దీనికి భయపడ్డారు.

వానలు మొదలైన తరవాత ఒకనాడు బస్సెక్కుతూ, పైన కడ్డీ పట్టుకోకుండానే ఎక్కాడని సీట్లో కూర్చున్నాక గమనించాడు. నూతిలోంచి తనే తోడుకుంటున్నాడు. నిద్ర పడుతోంది. ఆకలి వేస్తోంది. ఆ ఆకలి ఆయనకు నచ్చలేదు. కమ్లి వండిన పప్పు మారు వడ్డించుకుని తిని, ఖాళీ కంచం చూసి, తన నోటి మీద తనకే రోత పుట్టింది. ఆమె లేని ఇంట్లో ఈ ఒళ్ళు బాగుపడుతోంది.

వెంకటరామారావు వచ్చాడు.

"పీర్ల కొట్టం దగ్గర గుంజీళ్ళు తీస్తున్నారట?"

"తీస్తున్నాను."

"నలుగురూ నవ్వుతున్నారు బావగారూ. ఏం తక్కువైందని? మనిషిని పెట్టమంటే పెడతాను. కాళ్ళు పట్టడానికి ఒకణ్ణి, నీళ్ళు పొయ్యడానికి ఒకణ్ణి. అక్కను చూసుకోవడం లేదూ? కాలు కింద పెట్టనిస్తున్నామా?"

"అదే చూస్తున్నాను."

ఆ మాట అతనికి ఎలా వినిపించిందో, తృప్తిగానే వెళ్ళిపోయాడు.

*

మిరప కోతలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం చెంచురామయ్య జాలారు బండలు కొబ్బరిపీచు పెట్టి రుద్దాడు. పాచి పోయేదాకా రుద్దాడు. గోనె సంచిలో సగానికి పైగా ఇసుక పోసి, మూతి కట్టకుండా బండల మీద పడుకోబెట్టాడు. పక్కన ఇసుక బొక్కెన పెట్టాడు. కమ్లి అంట్లకు వచ్చింది.

"ఏందిది సారూ? నేను అంట్లేడ తోమాలె?"

"కమ్లీ, ఆ రోజు అమ్మగారిని నువ్వు ఎత్తావు."

"అవ్."

"ఈ సంచి ఆమె అంత బరువు ఉండాలి. ఎత్తి చూసి చెప్పు. తక్కువైతే పోస్తాను."

కమ్లి చేతిలో గిన్నెలు కింద పెట్టింది. "నీకేమన్న మతి పోయిందా, సారూ?"

"పోలేదు."

"గదెట్ల చెప్పాలె? మనిషి బరువు వేరు, ఇసుక బరువు వేరు. ఇసుక మూలుగుతదా? నా మెడ పట్టుకుంటదా?"

"నీకు తెలిసినంత చెప్పు."

ఆమె చెయ్యనంటుందనే అనుకున్నాడు. కాని కూర్చుంది. ఆ రోజు కూర్చున్నట్టే కూర్చుని, సంచి కింద రెండు చేతులూ పెట్టింది. పైకి లేపి, మొహం చిట్లించి, దించింది.

"తక్కువున్నది."

ఆయన పోశాడు. ఆమె మళ్ళీ ఎత్తింది. "ఇంకొంచెం." పోశాడు. ఎత్తింది. ఈసారి దించకుండా కొంచెంసేపు పట్టుకుని నిలబడింది. సంచిలోంచి ఇసుక సన్నగా ఆమె పాదాల మీద రాలింది. దించి, చేతులు చీరకు గట్టిగా తుడుచుకుంది, ఏదో అంటరానిది ముట్టుకున్నట్టు.

"గింతే అనుకో."

"అనుకోవడం కాదు, కమ్లీ."

"గంతకంటె నేను చెప్పలేను. ఇంక నన్ను అడగకు సారూ. నీకు దండం పెడతా."

చెంచురామయ్య సంచి మూతి కట్టాడు. పంచె బిగించాడు. పాదాలు ఎడంగా పెట్టి, తుంట్లు వెనక్కి పోనిచ్చి, కిందికి దిగాడు. సంచిని రొమ్ముకు దగ్గరగా లాక్కున్నాడు. మడమలు బండకు నొక్కాడు. ఊపిరి పట్టాడు. ఒక క్షణం ఏమీ కదలలేదు. తరవాత సంచి కదిలింది. మోకాళ్ళు అదిరాయి, మెడనరాలు పొంగాయి, నిలబడ్డాడు. ఇసుక బరువు ఆయన రొమ్ము మీద ఉంది. జాలారు దాటి, రెండు మెట్లెక్కి, వరండాలో మంచం దాకా నడిచాడు. సంచిని మంచం మీద పడెయ్యలేదు. ఒక మోకాలు మంచం పట్టెకు ఆనించి నెమ్మదిగా దించాడు.

సంచి మంచం మీద ఉంది. నులక కొద్దిగా కిందికి దిగింది.

ఆయన దాన్ని మళ్ళీ ఎత్తి జాలారులో పెట్టి, మళ్ళీ మంచం మీదికి తెచ్చాడు. రెండోసారీ వచ్చింది. ఒకసారి పొరపాటున వచ్చిందేమోనని అనుకోవడానికి కూడా లేకుండా పోయింది.

కమ్లి గడపలో కూర్చుని చూస్తోంది.

"అమ్మ ఉన్నప్పుడే చెయ్యొచ్చు గద సారూ, గీ కసరత్తు."

"చెయ్యొచ్చు," అన్నాడు.

*

చేతులు కడుక్కోకుండానే సందు తిరిగి వెంకటరామారావు ఇంటికి వెళ్ళాడు. వాకిలంతా మిరపకాయలు ఎండబోశారు. ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. పున్నమ్మ మంచాన్ని ఆమెతో సహా ఇద్దరు జీతగాళ్ళు ఎత్తి నీడలోకి జరుపుతున్నారు. మంచం మీద ఆమె దిష్టిబొమ్మలా ఊగుతోంది. వెంకటరామారావు మిరప బస్తాల దగ్గర నిలబడి ఉన్నాడు.

"రామారావ్, వయసు కాదు."

"ఏంటి బావగారూ?"

"ఆ రోజు మీ అక్కను నేను లేపలేకపోయింది వయసు వల్ల కాదు. ఇప్పుడు ఎత్తి చూశాను. అప్పటికన్నా ఇప్పుడే నా వయసు ఎక్కువ. ఒళ్ళు వాడలేదు, అంతే."

వెంకటరామారావు చుట్టూ చూశాడు. జీతగాళ్ళు వింటున్నారు. గొంతు తగ్గించాడు.

"ఇప్పుడదంతా తవ్వుకుంటే ఏమొస్తుంది? మీ తప్పు లేదని మేమంతా చెబుతుంటే, మీరే ఉందంటారేంటి? మనసు పాడుచేసుకోకండి. సీతా, అన్నయ్యగారికి కాఫీ పట్రా." బయట లారీ హారను మోగింది. అతను హాయిగా ఊపిరి వదిలి బస్తాల వైపు వెళ్ళిపోయాడు.

చెంచురామయ్య కాఫీ తీసుకోలేదు. తిరిగి పోబోతుంటే మంచం మీద నుంచి పున్నమ్మ పిలిచింది.

"మరిదిగారూ, ఇటు రండి. ఆ మాట మళ్ళీ చెప్పండి."

చెప్పాడు.

ఆమె దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ విన్నది. తరవాత పెరటి గోడ వైపు చూసింది. గోడకు అవతల ఆయన జాలారు.

"నాకు వినబడింది," అంది. "మీరు వీధి గుమ్మంలోకి వెళ్ళినప్పుడల్లా అది నన్ను పిలిచింది. 'అక్కా, నువ్వైనా రావే' అంది. అది ఆడదాని కోసం పిలిచింది. ఈ వీధిలో ఉన్న ఆడదాన్ని నేనొక్కదాన్నే."

చెంచురామయ్య కూడా గోడ వైపు తిరిగాడు.

"కాళ్ళు కిందికి వేశాను. నిలబడలేదు అవి. అరిచాను. ఈ గొంతు గుమ్మం కూడా దాటలేదు. అన్నం గిన్నె తన్నాను, చప్పుడవుతుందని. వాళ్ళు పెళ్ళి నుంచి వచ్చాక తమ్ముడికి చెప్పాను. 'ఈ వయసులో నువ్వేం చేస్తావక్కా' అన్నాడు. అని, నా కాళ్ళు దుప్పట్లో పెట్టాడు."

జీతగాళ్ళు వెళ్ళిపోయారు. మిరపకాయల మీద ఎండ చురచురమంటోంది.

"నాకేం పెద్ద జబ్బు లేదు, మరిదిగారూ. మా ఆయన పోయినప్పుడు మూల కూర్చోబెట్టారు. నెలలు దాటినా లేవనివ్వలేదు. అదే గౌరవమన్నారు. తరవాత లేద్దామంటే కాళ్ళు రాలేదు. నన్ను లేపండి."

చెంచురామయ్య వంగాడు. ఆమె భారతమ్మ కన్నా సన్నం. ఎత్తగలడు. ఇసుక అంటిన చేతులు ఆమె వీపు కిందికి పోయి, అక్కడే ఆగాయి. వెనక్కి తీసుకున్నాడు.

"నేను ఎత్తను, వదినగారూ. మీరే లేవాలి."

పున్నమ్మ మొహం ఎర్రబడింది. "చెల్లిని ఎత్తలేక వదిలేశారు. నన్ను ఎత్తగలిగీ వదిలేస్తారా?"

"అవును."

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. కాళ్ళు మెల్లగా కిందికి వేసింది. మంచం ఎత్తు తక్కువ. ఆయన గోడ వార పేర్చిన ఇటుకలు తెచ్చి, వెనకాలే వచ్చిన కమ్లి మంచం ఎత్తి పట్టుకుంటే, నాలుగు కోళ్ళ కిందా పెట్టాడు. ఇప్పుడూ ఆమె పాదాలు నేలకు ఆనుతున్నాయి, కాని మోకాళ్ళు అంతగా మడవక్కర్లేదు. "పాదాలు దగ్గరికి లాక్కోండి. ముక్కు మోకాళ్ళ మీదికి రావాలి. ఇప్పుడు నేలను తొక్కండి," అన్నాడు. ఎదురుగా నిలబడి తన ముంజేతులు చాపాడు. "పట్టుకోండి. నేను లాగను."

ఆమె పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. తుంట్లు నులక మీద నుంచి కొద్దిగా లేచాయి. మళ్ళీ కూలబడింది.

"లేచినవమ్మా, లేచినవ్!" అంది కమ్లి.

"గాలి పోయేంత సందు కూడా రాలేదు, అబద్ధాలాడకు," అంది పున్నమ్మ రొప్పుతూ. మళ్ళీ పాదాలు దగ్గరికి లాక్కుంది.

సీతారావమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి కేక పెట్టింది. "అయ్యో అయ్యో, అన్నయ్యగారూ! పడితే ఏం గాను? రేపు మేం చూడటం లేదని ఊరంతా అనదూ?"

"అనుకోనీ," అంది పున్నమ్మ. "నువ్వు ఆ గ్లాసు అక్కడ పెట్టి పో. నేను లేచి తీసుకుంటాను."

ఆ పూట లేవలేదు. కాఫీ చల్లారి మీగడ కట్టింది. ఎవరూ ఆమెకు అందించలేదు.

వెంకటరామారావు ఇటుకలు రెండుసార్లు తీయించాడు. రెండుసార్లూ కమ్లి మళ్ళీ పెట్టింది. పని మానేయమని బెదిరిస్తే, "మానేస్త, మీ అక్కను నువ్వే మొయ్యి," అంది. అతను ఊరుకున్నాడు. చెంచురామయ్య రోజు విడిచి రోజు వెళ్ళాడు. మంచం పక్కన నిలబడి చేతులు చాపడం తప్ప ఆయన చేసింది లేదు. ఒకరోజు ఆమె లేచి నిలబడింది. ఒళ్ళంతా ఊగుతుంటే నిలబడి, చుట్టూ చూసి, "ఈ ఇల్లు ఇంత మురికిగా ఉందేంటే, కమ్లీ," అంది. కూర్చోకుండా కాసేపు అలాగే ఉంది.

ఇప్పుడు ఇటుకలు అక్కర్లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆమె గోడ పట్టుకుని పెరటి దాకా నడుస్తుంది. బొక్కెన అడుగున కాసిని నీళ్ళు పోసుకుని తులసి మొక్క దాకా మోస్తుంది. వెంకటరామారావు చెంచురామయ్యతో మాట్లాడటం మానేశాడు. ఊళ్ళో ఇంకా ఎవరు పోయినా భోజనాల దగ్గర 'ఈ వయసులో' అనే ఆ మాటే అంటున్నారు. నేలమీద కూర్చుంటే మాత్రం పున్నమ్మ తనంత తాను ఇంకా లేవలేకపోతోంది.